లాండ్రీ గదిలో ఆవిడ

మా అక్క ఓజెల్లా ఏడేళ్లపాటు టీవీలో కనిపించింది. ఎవరైనా అబద్ధమంటే నేనే సాక్షిని. 'మూడో అంతస్తు' అని ఒక కామెడీ సీరియల్ వచ్చేది. గురువారం సాయంత్రం ఎనిమిదింటికి, బట్టలుతికే గది గోడ దగ్గర దుప్పటి మడతపెడుతూ నిలబడేది అక్క. ముందు నిలబడి నవ్వించేవాళ్లు ఆరుగురు, ఆరుగురూ తెల్లవాళ్లే. కథ జరిగేది బ్రూక్లిన్‌లో. బ్రూక్లిన్‌లో ఐదంతస్తుల మేడ మొత్తానికి ఒకే ఒక్క నల్లమనిషి! ఆవిడకైనా ఇల్లు ఇచ్చారా అంటే, అదీ లేదు. లాండ్రీ గది ఇచ్చారు. ఏడేళ్లయినా ఆ దుప్పటి మడత పూర్తి కాలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ సీరియల్ చూసి నేను పడీ పడీ నవ్వేదాన్ని. లాస్ ఏంజెలెస్‌లో ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపినదాన్ని. రోజంతా జనంతో తిట్లు తిని ఇంటికొచ్చి చెప్పులు విడిచి కూర్చుంటే, ఆ ఆరుగురి గోలే నాకు మందు. నవ్వుతూనే తిట్టేదాన్ని, తిడుతూనే మళ్లీ గురువారం కోసం కాచుక్కూర్చునేదాన్ని. మా వీధిలో అందరిదీ అదే కథ. పైకి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

స్క్రిప్టులో అక్కకు పేరు లేదు. 'లాండ్రీ గదిలో స్త్రీ' అని ఉండేది, అంతే. చివర్లో తెరమీద పేర్లు పైకి పాకుతాయి చూడండి, అందులో ఆ సీరియల్లో నటించిన కుక్క పేరు ఉండేది. కుక్కకు స్నానం చేయించిన మనిషి పేరు ఉండేది. మా అక్క పేరు మాత్రం లేదు. మిగతావన్నీ నవ్వి వదిలేసింది గానీ, ఆ కుక్క సంగతి మాత్రం ఓజెల్లా కడుపులో అలాగే ఉండిపోయింది.

"ఏమే వెర్లీన్, చచ్చేలోగా ఒక్కసారి నా పేరు అలా పైకి పోతుంటే చూడాలే" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. డెబ్బై దాటాక నవ్వడం మానేసింది. ఇప్పుడు డెబ్బై తొమ్మిది.

పోయిన వసంతంలో ఒక రోజు ఫోను మోగింది. గిల్బర్ట్ పెల్జ్‌నర్. ఆ సీరియల్ రాసినవాడూ తీసినవాడూ అతనే. ఎనభై నాలుగేళ్లు వచ్చినా గొంతులో అదే తేనె. సీరియల్ మొదలై నలభై ఏళ్లయిందట, కొత్తగా శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారట. అంతలో ఒక కాలేజీలో చర్చ పెట్టారట. పాత కామెడీ సీరియళ్లలో తెల్లవాళ్లు తప్ప మరొకరు ఎందుకు లేరన్నది విషయం. అతన్ని బోనులో నిలబెడతారట.

"ఓజెల్లా, నువ్వు రావాలి. మా సీరియల్లో అందరికీ చోటుంది, నన్ను ఇంటిమనిషిలా చూసుకున్నారు అని ఒక్క ముక్క చెప్పు చాలు. కొత్త విడుదలలో నీ పేరు వేస్తాను. ఆ పాత్రకు కూడా ఒక మంచి పేరు పెడతాను."

అక్క ఫోను పెట్టేసి, పొయ్యి మీద ఆకుకూర మాడుతున్నా పట్టించుకోకుండా నిలబడిపోయింది.

"ఇంటిమనిషా? ఏ ఇంట్లో? ఇల్లే ఇవ్వలేదు కదే నీకు!" అన్నాను.

"నోరుమూసుకోవే."

"ఒక్క డైలాగైనా ఇచ్చాడా వాడు? 'దుప్పటి తడిగా ఉంది' అని కూడా అననివ్వలేదు."

"నాకు తెలీదనుకున్నావా? మూల నిలబడింది నువ్వా, నేనా? వాడి సీరియల్‌ను మెచ్చుకుంటే నాకేం పోతుంది? ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కకు నా పేరు వస్తుంది."

"అబద్ధం చెప్పి తెచ్చుకుంటావా?"

"నిజం చెప్పి నలభై ఏళ్లు ఏం తెచ్చుకున్నానే?" అంది. మంట తగ్గించి కూర గిన్నె దింపాను.

చర్చ శనివారం మధ్యాహ్నం. అక్క ఈస్టరుకు పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుంది. ఆ టోపీ వెనక కూర్చున్నవాడికి వేదిక కనిపించదు, దేవుడు కూడా కనిపించడు. హాలు నిండిపోయింది. వేదిక మీద ఒక పక్క గిల్బర్ట్, మరో పక్క డెజిరే ఫాంట్నో అని ఆ కాలేజీలో టీవీ చరిత్ర చెప్పే పిల్ల. ముప్పై నాలుగేళ్లుంటాయి, మాలాగే నల్లపిల్లే, నాలుక మాత్రం కత్తి. వేదిక అంచున నల్ల చొక్కా వేసుకున్న ఒకమ్మాయి నిలబడి, అందరి మాటల్నీ చేతులతో చెప్తోంది. ముందు వరుసలో వినపడనివాళ్లు కొందరు కూర్చున్నారు, వాళ్ల కోసం.

డెజిరే లేచి లెక్క చెప్పింది. "నూట పన్నెండు ఎపిసోడ్లు. మాటలున్న పాత్రలు మూడువందల పైమాటే. అందులో నల్లవాళ్లు ఇద్దరు. ఒకడు పిజ్జా తెచ్చాడు. ఇంకొకణ్ని దొంగ అనుకున్నారు, తీరా చూస్తే దొంగ కాదు. అదే ఆ వారం నీతి."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ ఎపిసోడ్ నాకు గుర్తుంది. అప్పట్లో ఏడ్చాను కూడా.

గిల్బర్ట్ లేచాడు. "అమ్మా, అది వేరే కాలం. నేను రాస్తే పైవాళ్లు కొట్టేసేవాళ్లు. అయినా మీ లెక్క తప్పు. మా ఓజెల్లాను మరిచిపోయారు. ఏడేళ్లు! ఏ గురువారం చూసినా ఉంది. ఇదిగో, ఈ హాల్లోనే ఉంది."

తలలన్నీ టోపీ వైపు తిరిగాయి.

"ఆవిణ్ని లెక్కలో వేసుకోవడం కుదరదండీ" అంది డెజిరే. "ఆవిడకు మాట లేదు, పేరు లేదు. ఆవిణ్ని కుర్చీలా, బల్లలా వాడుకున్నారు."

"బల్లా? ఆవిడ లేకపోతే ఆ గది గదే కాదు!"

"బల్ల లేకపోయినా అంతే కదండీ."

ఇలా పావుగంట కొట్టుకున్నారు. మా అక్క మనిషా, సామానా అని. ఒకరు లెక్కలో వేస్తారు, ఇంకొకరు తీసేస్తారు. ఆవిడ మూడో వరుసలో కూర్చునే ఉంది, అడిగితే చెప్పేది కదా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబూ గిల్బర్ట్!" అని లేచాను. "ఆవిడకు నోరుంది, ఆవిణ్నే అడగొచ్చుగా! నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది!"

అన్నాక నాలిక కరుచుకున్నాను. వేదిక అంచున ఉన్న అమ్మాయి ఒక్క క్షణం నన్ను చూసి, దాన్ని కూడా చేతులతో చెప్పేసింది. బుగ్గలు పొంగించి శంఖం ఊది మరీ చూపించింది. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. నీలం స్వెట్టరు, యాభై అయిదేళ్లుంటాయి. ఆవిడ చేతులు గబగబా కదిలాయి. వేదిక మీద అమ్మాయి ఆ మాటలు పైకి చెప్పింది: "శంఖం వినపడకపోతేనేం, ఊదేవాడి మొహం కనపడుతుందిగా."

నవ్వులు. నేను కూర్చుండిపోయాను. దిక్కుమాలిన నోరు నాది.

"సరే, ఒక ముక్క చూద్దాం. చూశాక ఓజెల్లా మాట్లాడుతుంది" అని గిల్బర్ట్ వెనక తెర మీద ఒక సీను వేయించాడు. నాలుగో ఏడాదిలోది. ఆరుగురిలో ఇద్దరు ఒక సాక్సు కోసం పోట్లాడుకుంటున్నారు. వెనక మా అక్క, నలభై రెండేళ్లది కాబోలు, వెన్నెముక నిటారుగా పెట్టి దుప్పటి మడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. వెనక నిలబడేవాళ్ల పనే అది. నోరు ఆడాలి, శబ్దం రాకూడదు. నిజంగా మాట్లాడుకుంటున్నట్టు కనపడటానికి అందరూ 'బఠాణీలు, క్యారట్లు, బఠాణీలు, క్యారట్లు' అని పెదాలాడిస్తారట. మొదటిరోజే చెప్పేస్తారట.

సాక్సు జోకు పాతబడిపోయింది, ఎవరూ నవ్వలేదు. అప్పుడు నీలం స్వెట్టరావిడ పగలబడి నవ్వింది. ఆవిడ పక్కనున్న మరో ఇద్దరు కూడా. మధ్యలో ఏ జోకూ లేని చోట! తెర మీద ఇద్దరూ ఊరుకున్నప్పుడల్లా వీళ్లు నవ్వుతున్నారు.

దీపాలు వెలిగాయి. "ఏమిటమ్మా అంత నవ్వు?" అన్నాడు గిల్బర్ట్, కొంచెం ఆశగానే. ఎంతైనా రాసింది తనే కదా.

ఆవిడ లేచి నిలబడింది. పేరు లోరెయిన్ టబ్స్ అని చెప్పుకుంది. ఇక ఆవిడ చేతులు చెప్పడం, వేదిక మీద అమ్మాయి పలకడం.

"నాకు పదిహేనేళ్లప్పుడు ఈ సీరియల్ వచ్చేది. వినపడని పిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. టీవీలో మాటలు అక్షరాల్లో చూపించే పెట్టె మా హాస్టల్‌కి లేదు. పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్లం. మీ ఆరుగురూ ఊరికే తిరిగేస్తారు, సగం సేపు వీపులే కనిపిస్తాయి. కదలకుండా మాకు ఎదురుగా నిలబడి మాట్లాడేది ఒక్కరే. లాండ్రీ గదిలో ఆవిడ. మాకు అసలు హీరోయిన్ ఆవిడే."

మా అక్క టోపీ కదిలింది.

"ఇందాక ఆవిడ ఏమన్నారో తెలుసా? 'మూడేళ్లుగా ఇదే గొడవ. పెళ్లన్నా చేసుకోండి, గదన్నా ఖాళీ చెయ్యండి.' తర్వాత, 'అదిగో గిల్బర్ట్, అక్కడ నిలబడి ముక్కు గిల్లుకుంటున్నాడు. వీడికి బ్రూక్లిన్ ఏ దిక్కునుందో కూడా తెలీదు.' తర్వాత, 'నేనూ ఈ మేడలోనే ఉంటున్నాను. ఏ నంబరులోనని ఒక్కడైనా అడిగాడా?'"

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. గిల్బర్ట్ మొహం పాలిపోయింది. మైకు దగ్గర పెట్టుకుని, చిన్నపిల్లాడిలా అన్నాడు: "ఓజెల్లా... నువ్వు బఠాణీలు అనలేదా?"

అక్క మెల్లిగా లేచింది. "ఎన్నాళ్లని బఠాణీలంటాను గిల్బర్ట్? రెండో వారానికే విసుగొచ్చింది. ఎలాగూ వినేవాడు లేడు కదా అని, నోటికొచ్చిందల్లా అన్నాను."

"ఏడేళ్లూనా?"

"ఏడేళ్లూ."

లోరెయిన్ చేతులు మళ్లీ కదిలాయి. ఈసారి మొహం కొంచెం ఎర్రబడింది. "ఒక్కటి అడగాలి. నలభై ఏళ్లుగా మా స్నేహితురాళ్ల మధ్య తేలలేదు. మీ పీట్ ఏమయ్యాడు?"

"పీట్ ఎవడు?" అంది అక్క.

"మీ ప్రియుడు! ప్రతి వారం చెప్పేవారుగా. 'పీట్ కావాలి, ఆదివారానికి పీట్ లేకపోతే ఎలా, ఈసారి పీట్ మెత్తగా ఉంటే బాగుణ్ను' అని."

ఓజెల్లా ఆ మాటల్ని శబ్దం లేకుండా పెదాలతో ఒకసారి అని చూసుకుంది. తర్వాత టోపీ పట్టుకుని ముందుకు వంగిపోయి నవ్వింది. "మీట్ అమ్మా! మీట్! షూటింగు శుక్రవారం ఉండేది, ఆదివారం చుట్టాలొస్తారు, కొనాల్సినవి మరిచిపోకుండా అనుకునేదాన్ని!"

ప, బ, మ, మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయట. లోరెయిన్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. పక్కావిడ మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆవిడ నమ్మలేదు. పీట్ అన్నప్పుడల్లా ఓజెల్లా కళ్లు చూశాను, మాంసం కోసం ఎవరూ అలా చూడరు, అని చేతులతో వాదించింది. ఆవిడకు మా అక్క సంగతి తెలీదు.

నవ్వులు తగ్గాక డెజిరే నెమ్మదిగా అంది, "మేడమ్, మిమ్మల్ని బల్ల అన్నాను. క్షమించండి."

"నువ్వన్నదాంట్లో తప్పేముందమ్మా? నన్ను పెట్టింది బల్లలాగే. బల్లకు నోరుందని నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, చెప్తే తెలుస్తుంది. కానీ బెదిరిన మనిషి. "ఓజెల్లా, మనం అనుకున్న మాట..." అన్నాడు. హాలంతా వింటోంది.

నేను అక్క మొహమే చూస్తున్నాను. అడ్డుపడాలని నాలుక లాగేస్తోంది. ఆ పేరు ఆవిడకు ఎంత కావాలో నాకు తెలుసు. ఒక్క ముక్క చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు, నేను తప్ప. నేను కూడా ఎన్నాళ్లు తప్పుపడతాను?

"ఏ పేరు పెడదామనుకున్నావు ఆ పాత్రకు?" అని అడిగింది అక్క.

"అదీ... బెర్తా అనుకుంటున్నాను. ఇంటిమనిషిలా ఉంటుందని."

పాత సినిమాల్లో పనిమనిషికి పెట్టే పేరది. హాలంతా మూలిగింది. గిల్బర్ట్ వెంటనే, "క్లారా కూడా బావుంటుంది" అన్నాడు.

అక్క అతన్ని వదిలేసి ముందు వరుస వైపు తిరిగింది. "మీ హాస్టల్లో నా గురించి మాట్లాడుకునేటప్పుడు నన్నేమనేవారమ్మా? ఏదో ఒకటి అనాలి కదా."

లోరెయిన్ రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని మీద ఒకటి దుప్పటిలా మడిచి, పై చేతి రెండు వేళ్లు పెదాల దగ్గరకు తెచ్చి చకచకా తెరిచి మూసింది. పక్కనున్న ఇద్దరూ అదే చేశారు. వేదిక మీద అమ్మాయి చెప్పింది: "దీన్ని మాటల్లోకి తేలేను. ఇది పేరు. వాళ్లు మనసుకు దగ్గరైన మనిషికే పెడతారు. మీకు పెట్టి నలభై ఏళ్లయిందట."

అక్క ఆ చేతుల వంకే చూసింది. ఏడేళ్లు గోడకు చెప్తున్నాననుకున్న మనిషి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దాచుకుంటే ఎవరికి లాభం?

"గిల్బర్ట్, నీ సీరియల్లో అందరికీ చోటు లేదు" అంది చివరికి, మామూలు గొంతుతోనే. "నాకు చోటుంది, నా మాటకు లేదు. ఏడేళ్లు మాట్లాడాను. చెవులున్నవాళ్లెవరికీ వినపడలేదు. పోనీ, నవ్వు మాత్రం బాగా రాసేవాడివి, అది కాదనను. ఇక నా పేరు వేస్తావో మానతావో నీ ఇష్టం."

గిల్బర్ట్ తల ఊపాడు. ఆ ఊపు అవుననో కాదనో ఎవరికీ తెలీలేదు.

అక్టోబరులో విడుదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం లోరెయిన్ ఇంట్లో అందరం చేరాం. హాస్టల్ నాటి స్నేహితురాళ్లు లోరెయిన్‌తో కలిపి ఏడుగురు, మేమిద్దరం. నేను పీచ్ పండ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్లాను. శబ్దం పెంచమంటే లోరెయిన్ రిమోటు నా చేతిలో పెట్టింది. శబ్దం బొత్తాం ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మానేశాను. శబ్దం లేకుండా ఆ ఆరుగురినీ చూస్తే, ఊరికే చేతులూపుతూ ఇల్లంతా తిరిగే జనంలా ఉన్నారు. వెనక మా అక్క ఒక్కతే ఏదో విషయం మీద మాట్లాడుతున్నట్టుంది. గదిలో ఏడుగురూ ఆవిణ్నే చూసి నవ్వుతున్నారు. నాకు అర్థంకానిది ఓజెల్లా చెవిలో చెప్తోంది. కొన్ని చెప్పనంది, పాస్టరుగారి భార్య గురించినవట.

చివర్లో పేర్లు పాకాయి. ఆరుగురు. పిజ్జా తెచ్చినవాడు. కుక్క. కుక్కకు స్నానం చేయించినవాడు. కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. మా అక్క పేరు రాలేదు. తెర నల్లబడింది.

"వాడి మొహం మండ! ఇప్పుడే ఫోను చేస్తాను" అని లేచాను.

"కూర్చోవే. చూడు" అంది అక్క.

నల్ల తెర ముందు లోరెయిన్ లేచి రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టింది. మడిచింది, వేళ్లు పెదాల దగ్గరకు తెచ్చింది. సోఫాలో వాళ్లు, కుర్చీల్లో వాళ్లు, ఏడుగురూ ఆ పేరు చెప్పారు. ఓజెల్లా మొహం అప్పుడు చూడాలి. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ చూడలేదు నేను.

కోపం అక్కడే దిగిపోయింది. నేనూ లేచి చేశాను. మడిచాను, నోటి దగ్గరకు తెచ్చాను. ఏడుగురూ ఒక్కసారిగా విరగబడి నవ్వారు. నేను చేసింది శాండ్‌విచ్ అట.

ఓజెల్లా నవ్వలేదు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, పై చెయ్యి ఎలా తిప్పాలో, వేళ్లు ఎక్కడ ఆపాలో చూపించింది. మళ్లీ చెయ్యమంది. చేశాను. తల అడ్డంగా ఊపి, మళ్లీ అంది. ఏ పేరైనా చాలని నలభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి, తప్పుగా పిలిస్తే పలకనంది.